వేళ కాని కూత

మా అన్న సామేలు ఫోన్‌లో ఎక్కువ మాట్లాడే మనిషి కాడు. బాగున్నావా, పిల్లలు బాగున్నారా, సరే ఉంటా, అంతే. మొన్న మాత్రం తనే ఫోన్ చేసి, మన ఫుట్‌బాల్ గ్రౌండు ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో కలిసిపోతోందని, ఇంకొన్నాళ్ళు పోతే చూద్దామన్నా ఉండదని, రావాలనుకుంటే వచ్చి చూసి పొమ్మని చెప్పాడు. నేను ఏదో అడిగేలోగా పెట్టేశాడు. నాకు కోపం వచ్చింది. అంత మాట చెప్పి అట్లా పెట్టేస్తారా ఎవరైనా? ఆ కోపంతోనే రెండు చీరలు సంచిలో పెట్టుకుని మర్నాడు కరీంనగర్ బస్టాండుకు వెళ్ళాను. బడి నుంచి రిటైరైన పంతులమ్మను, నన్ను ఆపేవాళ్ళెవరు? బస్సు బసంత్‌నగర్ దగ్గర సిమెంటు లారీల వెనక చిక్కుకుని కదిలీ కదలనట్టు నడిచింది. చిన్నప్పుడు ఆ తెల్ల దుమ్ము దాటి నల్ల దుమ్ము మొదలైందంటే ఇల్లు వచ్చేసినట్టే లెక్క. ఇప్పటికీ లెక్క అదే. గోదావరిఖనిలో దిగేసరికి రుమాలు నల్లబడింది, ప్రాణం కుదుటపడింది.

అన్న కర్ర పట్టుకుని బస్టాండుకు వచ్చాడు. ఇంటికి పోకుండా నేరుగా గ్రౌండుకే తీసుకుపోయాడు. చుట్టూ ముళ్ళ తీగ వేశారు. అవతల గడ్డి, తుమ్మ మొలకలు, ఒక గోల్‌పోస్టు. రెండోది ఎవరో పీక్కుపోయారు. గ్రౌండుకు ఆనుకుని ఉండే మా క్వార్టర్ల వరసలు ఏనాడో కూలగొట్టారు. ఇటుక ముక్కల మీద పల్లేరు పాకింది. ఏది ఎవరిల్లో నేను పోల్చుకోలేకపోయాను. అన్న మాత్రం మోకాలు ఈడ్చుకుంటూ తీగ పక్కన నడిచి, ఒకచోట ఆగి, కర్రతో నేలను కొట్టాడు. టక్కుమంది. "బాపు తానం చేసిన బండ. గిది ఎవ్వలూ ఎత్తుకపోలె" అన్నాడు. నేను కూర్చుని దాని మీది మట్టి చేత్తో తుడిచాను. నల్లరాతి బండ, మధ్యలో కాస్త పల్లం, బాపు మడమలు ఆనిన చోటు. అది చూశాక నాకు కోపమంతా పోయింది.

ఆ బండ మీదే మా ఇంటి రోజు మొదలయ్యేది, ముగిసేది. మేం నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం. తెల్లవారకముందే వరసలో ప్రతి ఇంటి ముందూ బొగ్గుల పొయ్యి రాజుకునేది. ఆ పచ్చి పొగ నడుము ఎత్తున వీధంతా పరుచుకునేది. పిల్లలం దగ్గుతూ లేచేవాళ్ళం. ఇప్పటికీ ఎక్కడైనా బొగ్గు పొగ తగిలితే నాకు ఆకలేస్తుంది, ఎందుకంటే ఆ పొగ వెనకే జొన్నరొట్టె వాసన వచ్చేది. బాపు మొదటి షిఫ్టు చేసి వచ్చేసరికి అవ్వ వేన్నీళ్ళు కాచి బండ పక్కన పెట్టి ఉంచేది. అవ్వ చెంబుతో పోస్తుంటే మొదటి నీళ్ళు తారులా పారేవి, తర్వాతవి టీ రంగులో, చివరికి మామూలు నీళ్ళు. అప్పుడు మాకు మా బాపు కనిపించేవాడు. కళ్ళ అంచుల్లో మాత్రం ఎంత రుద్దినా నలుపు పోయేది కాదు. ఆదివారం ప్రార్థనకు వెళ్తే, మైనులో పనిచేసే మగాళ్ళందరూ కాటుక పెట్టుకుని వచ్చినట్టు వరసగా కూర్చునేవాళ్ళు. కొత్తగా వచ్చిన పాస్టరు భార్య అది నిజంగా కాటుకే అనుకుందని అవ్వ చచ్చేదాకా చెప్పుకుని నవ్వింది.

బాపు పని కప్పు నిలబెట్టడం. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద కర్రలు దిమ్మలు పెట్టి బిగించాలి. ఇనుప రాడ్డుతో కప్పును తట్టి, ఆ చప్పుడును బట్టి అది నిలుస్తుందో రాలుతుందో చెప్పాలి. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేది. ఎవరింటికి వెళ్ళినా ముందు తల ఎత్తి పైకి చూసేవాడు. పెళ్ళిచూపులకు పోయిన చోట కూడా పిల్లను కాకుండా దూలాన్ని చూశాడని మా మేనత్త ఎగతాళి చేసేది. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే ఆయన ఒక కన్ను తెరిచి చర్చి కప్పును పరీక్ష చేసేవాడు. అవ్వ మోచేత్తో పొడిచేది. పై నుంచి ఏదీ పడకూడదు, పడితే మనిషి మీద పడకూడదు, బాపుకు ఉన్న ధ్యాసంతా అదే.

అట్లాంటి మనిషికి, పై నుంచి పడేదాన్ని ఎద మీద పట్టుకునే కొడుకు పుట్టాడు. ఫుట్‌బాల్‌లో సామేలు పేరు చెబితే మందమర్రి దాకా తెలియనివాళ్ళు లేరు. వెనక నుంచి మా టీమ్ ఖాజా అన్న ఆకాశం అంచు దాకా బంతి లేపేవాడు. సామేలు వెనక్కి తిరక్కుండా ముందుకు ఉరికేవాడు. ఎక్కడ దిగుతుందో ఆయనకెట్లా తెలిసేదో, సరిగ్గా అక్కడ గాలిలోకి లేచి, ఎద వెనక్కి లాగి బంతిని అందుకునేవాడు. అది ఎగిరిపోకుండా పెంపుడు పిల్లిలా జారి పాదం దగ్గరికి వచ్చేది. ఆ తర్వాత గోలు పడిందా లేదా అన్నది రెండో మాట. జనం వచ్చేది ఆ అందుకోవడం చూడటానికే. గ్రౌండంతా బొగ్గు పొడి కాబట్టి, ఆట అయ్యేసరికి అందరి బనీన్లూ ఒకే నలుపు. సామేలు బనీను మీద మాత్రం ఎదకు నడిమధ్య బంతి అచ్చు ఇంకా నల్లగా ఉండేది.

ఆ విద్య ఎట్లా వచ్చిందో ఎవరికీ తెలియదు, నాకు తెలుసు. నేర్పింది నేనే. నేర్పడమంటే విసరడం. క్వార్టర్ల వెనక నీళ్ళ ట్యాంకు ఉండేది. నేను దాని మెట్లు ఎక్కి బంతి విసిరేదాన్ని. సామేలు కింద నాకు వీపు పెట్టి నిలబడేవాడు. చేతిలోంచి బంతి వదిలేటప్పుడు నేను "ఆ" అనాలి, ఆయన తిరక్కుండా ఉరకాలి. ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు, తర్వాత దగ్గరగా వేస్తానని నమ్మించి దూరంగా. నాకు ఆయన్ని ఏడిపించడం ఇష్టం. ఏడిపించినకొద్దీ ఆయన ఆట పెరిగింది. చివరికి నా "ఆ" బిగ్గరగా ఉందా మెల్లగా ఉందా అన్నదాన్ని బట్టే బంతి ఎంత దూరం వస్తుందో కనుక్కునేవాడు. ఎదిగిన ఆడపిల్ల ట్యాంకెక్కి బంతులు విసరడమేమిటని అవ్వ రోజూ కట్టె పట్టుకుని వచ్చేది. మేమిద్దరం రోజూ తిట్లు తినేవాళ్ళం, మర్నాడు మళ్ళీ ట్యాంకు దగ్గరే ఉండేవాళ్ళం. నాకు ఈ జన్మలో అంత సంతోషం మళ్ళీ ఏ పనిలోనూ దొరకలేదు. ముప్పావు జీవితం పాఠాలు చెప్పి కూడా ఈ మాట అంటున్నాను.

ఇంత ఆటగాడి ఆటను బాపు ఒక్కసారి కూడా చూడలేదు. డ్యూటీ లేని సాయంత్రాల్లోనూ వచ్చేవాడు కాదు. గ్రౌండు పక్కనే ఇల్లు, జనం అరుపులు వినిపిస్తూనే ఉండేవి, ఆయన మాత్రం బండ మీద కూర్చుని బీడీ కాల్చేవాడు. నేను ఒకసారి గట్టిగా పోట్లాడితే, బీడీ ఆర్పి నెమ్మదిగా చెప్పాడు. "పైకెళ్ళి పడెటిది సూస్తె నాకు పానం గుంజుతది బిడ్డా. గది బంతే అని నాకు ఎరుకనే. కండ్లకు ఎరుక గాదు." ఆ తర్వాత నేను రమ్మని అడగలేదు. దానికి బదులు ఆటంతా చూసి వచ్చి ఆయనకు చెప్పేదాన్ని. మొదటి షిఫ్టు వారాల్లో టీ తాగుతూ వినేవాడు. రెండో షిఫ్టు వారాల్లో మర్నాడు పొద్దున వేపపుల్ల నములుతూ వినేవాడు. ఖాజా ఎక్కడి నుంచి కొట్టాడు, సామేలు ఎటు ఉరికాడు, బంతి ఎక్కడ దిగింది, ఒక్కటి వదలనిచ్చేవాడు కాదు. బంతి ఎద మీద పడే ఘట్టం వస్తే నమలడం ఆపేవాడు. నేను కావాలనే అక్కడ ఆగి, ముక్కు తుడుచుకుని, కాసేపు తిప్పలు పెట్టి అప్పుడు చెప్పేదాన్ని. కథ చెప్పడం నాకు అట్లా అబ్బింది.

మా ఊరికి గడియారాలు అక్కర్లేదు, కూత ఉండేది. షిఫ్టు షిఫ్టుకూ మైను మీద సైరన్ మోగేది. దాన్ని బట్టే అవ్వలు పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్ళు, మేం బడికి పోయేవాళ్ళం. వేళకు వచ్చే కూతకు ఎవరూ తల కూడా తిప్పరు. వేళ కాని కూత వచ్చిందంటే మాత్రం కింద ఏదో అయిందని. అప్పుడు పిండి కలుపుతున్న చెయ్యి పిండిలోనే ఉండిపోతుంది, స్నానం చేస్తున్నవాడు సబ్బు నురగతోనే బయటికి వస్తాడు. ముందు తల తిరుగుతుంది, ఎవరి మనిషి ఏ మైనులో ఉంటే ఆ దిక్కుకు. తర్వాత కాళ్ళు ఉరుకుతాయి. ఇది మాకు ఎవరూ నేర్పలేదు. తల్లి చంకలో ఉన్నప్పుడే ఆమె మెడతో పాటు మా మెడలూ తిరిగి ఉంటాయి.

ఆ ఏడాది టోర్నమెంటు ఫైనల్ మా గ్రౌండులోనే జరిగింది. హైదరాబాద్ నుంచి ఒక పెద్ద టీమ్ వాళ్ళిద్దరు సామేలును చూడటానికే వచ్చి కుర్చీలేసుకుని కూర్చున్నారు. విన్నంత బాగా ఆడితే తమతో తీసుకుపోతామని, ఆటతో పాటు ఉద్యోగం కూడా ఇప్పిస్తామని ముందే మాటిచ్చారు. లేకపోతే ఏముంది? ఎప్పుడో ఒకప్పుడు బాపు జాగాలో మైను దిగడమే. బాపుకు అది అస్సలు ఇష్టం లేదు. ఆ మధ్యాహ్నం రెండో షిఫ్టుకు పోతూ, "రేపు పొద్దుగాల నిమ్మలంగ చెప్పాలె, జల్ది చెయ్యద్దు" అని నాకు మరీమరీ చెప్పి వెళ్ళాడు. అవ్వ కూడా మొదటిసారి ఆటకు వచ్చింది, కొంగులో అటుకులు కట్టుకుని. ఆట సగం దాటింది. ఖాజా అన్న బంతి లేపాడు, అన్నింటికంటే పైకి. నాకు తెలియకుండానే నోటి నుంచి "ఆ" అని వచ్చింది. సామేలు ఉరికాడు, వెనక్కి చూడలేదు, గాలిలోకి లేచాడు. సరిగ్గా అప్పుడు కూత పడింది.

వేళ కాని కూత. ఆగకుండా మోగుతోంది. గ్రౌండులో ఎన్ని తలలుంటే అన్నీ తిరిగాయి. రెఫరీ తిరిగాడు, గోల్‌కీపర్ తిరిగాడు, అటుకుల మూట జారిపోతున్నా చూడకుండా అవ్వ తిరిగింది, నేనూ తిరిగాను. అందుకే ఆ బంతి ఏమైందో, మా అన్న ఎట్లా పడ్డాడో చూసినవాళ్ళు మా ఊళ్ళో ఒక్కరూ లేరు. నేను మళ్ళీ ఇటు చూసేసరికి ఆయన నేల మీద మోకాలు పట్టుకుని ఉన్నాడు. జనం మైను వైపు ఉరుకుతున్నారు. అవ్వ చెప్పులు లేకుండా వాళ్ళ ముందుంది. నేను అన్న దగ్గరికి పోతే నన్ను తోసేశాడు. "నాకేం గాలె. నువ్వు పో. బాపును సూసి రా" అన్నాడు. ఖాజాను ఆయన దగ్గర ఉంచి నేనూ ఉరికాను.

మైను గేటు దగ్గర అప్పటికే ఏడుపులు. కాసేపటికి లోపలి నుంచి ఒక క్లర్కు వచ్చి, కింద ఏమీ కాలేదని, మనుషులంతా క్షేమమని, ఆ కూత మనది కాదని చెప్పాడు. కమాన్‌పూర్ దారిలో కొత్తగా ఓపెన్‌కాస్టు తవ్వడం మొదలుపెట్టారు. అక్కడ భూమిని పేల్చే ముందు జనాన్ని తప్పుకోమని సైరన్ మోగిస్తారట. ఆ రోజే మొదటి పేలుడు. మాకెవరికి తెలుసు? మాకు తెలిసిన కూతలు రెండే. అందరూ ఏడుస్తూనే నవ్వారు, నవ్వుతూనే ఆ కొత్త గనిని తిట్టారు. నేను ఆయాసంతో గ్రౌండుకు తిరిగి ఉరికాను. దూరం నుంచే అరిచాను, బాపుకు ఏం కాలేదని. సామేలు ముఖం విప్పారింది. మా ఇద్దరికీ పిచ్చి నవ్వు వచ్చింది. నవ్వి నవ్వి, లేవడానికని నా చెయ్యి పట్టుకుని, లేవలేక మళ్ళీ కూర్చున్నాడు. "రూతూ, కాలు నా మాట ఇంటలేదు" అన్నాడు. కుర్చీల్లో కూర్చున్న ఆ ఇద్దరూ అప్పుడు కూడా అక్కడే ఉన్నారు. గ్రౌండంతా ఖాళీ అయి, ఆటగాడు కింద పడి ఉంటే, ఏం జరుగుతోందో వాళ్ళకు బొత్తిగా అర్థం కాలేదు.

మోకాలి లోపల నరం తెగిందని దవాఖానలో చెప్పారు. పట్టీ కట్టారు, విప్పారు, మళ్ళీ కట్టారు. ఇప్పుడైతే కోసి కుట్టి ఆటకు పంపిస్తారట. అప్పుడు మాకు దొరికిన వైద్యం అంతే. హైదరాబాద్ వాళ్ళు మర్యాదగా వచ్చి, బత్తాయిలు ఇచ్చి, నయమయ్యాక కబురు పెట్టమని చెప్పి వెళ్ళిపోయారు.

ఆట మర్నాడు పొద్దున బాపు వేపపుల్లతో బండ మీద కూర్చున్నాడు. భూమి లోపల ఏ కూతా వినబడదు. సామేలు కాలికి దెబ్బ తగిలిందని మాత్రమే అవ్వ చెప్పింది. ఎట్లా తగిలిందో చెప్పాల్సింది నేను, ఎప్పటిలాగే. నేను నిమ్మళంగా చెప్పాను. ఖాజా బంతి లేపింది చెప్పాను, అన్న ఉరికింది చెప్పాను, గాలిలోకి లేచింది చెప్పాను. కూత దగ్గరికి వచ్చి ఆగాను. ఈసారి కావాలని ఆగలేదు. బాపు నమలడం ఆపి చూస్తున్నాడు. మెల్లగా, కూత పడిందని, అన్న తిరిగాడని, ఆయన నాతో అన్నట్టే చెప్పాను.

"బంతి మీదికి అస్తాంటె ఎటు తిరిగిండు?"

"నీ దిక్కు, బాపు."

ఆయన పుల్లను చేతిలో తిప్పి పక్కన పెట్టాడు. తర్వాత లేచి లోపలికి పోయి, నిద్రపోతున్న సామేలు మంచం పక్కన నిలబడి, అలవాటు కొద్దీ పైకప్పు వంక చూశాడు. కప్పుకు ఏమీ కాలేదు. ఆ రోజు డ్యూటీకి పోతూ గుమ్మం దగ్గర ఆగి, మళ్ళీ నడిచాడు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం వీధి మొదట్లోనే గొంతెత్తి, "సామేలూ, అచ్చిన్రా" అని కేకేశాడు. వరసలో అందరూ ఉలిక్కిపడ్డారు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. ఆ రోజు నుంచి ఏ షిఫ్టు నుంచి వచ్చినా, ఎవరేమనుకున్నా, వీధి మొదట్లో ఆ కేక వేయకుండా ఇంటికి రాలేదు. లోపలి నుంచి సామేలు "ఆ" అనేవాడు. అంతే మాట్లాడుకునేవాళ్ళు. క్షమించమని అడగడం, పర్వాలేదనడం మా ఇళ్ళల్లో ఇంకో రకంగా నేను చూడలేదు.

కొన్నేళ్ళకు దుమ్ము బాపు ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, పనికి పనికిరాడని రాసిచ్చారు. ఆ జాగా సామేలుకు వచ్చింది. ఆ మోకాలితో మైను దిగలేడు కాబట్టి పైననే, ల్యాంప్ రూములో వేశారు. దిగేవాళ్ళకు తలదీపం అందించాలి, ఎక్కి వచ్చినవాళ్ళ దగ్గర తిరిగి అందుకోవాలి. రిటైరయ్యేదాకా అదే పని. ఏదైనా దీపం రావడం ఆలస్యమైతే, అది వచ్చేదాకా ఇంటికి కదిలేవాడు కాదని, అన్నం చల్లారిపోయేదని వదిన ఇప్పటికీ విసుక్కుంటుంది. మా ఇద్దరిలో ఎవరమూ బంతి మాట ఎత్తేవాళ్ళం కాదు. నేను పెళ్ళై పోయాను. ట్యాంకు కూలగొట్టారు. బాపు పోయాడు, తర్వాత అవ్వ పోయింది. బాపు దిగిన మైను కూడా మూసేశారు.

గ్రౌండు చూసి ఇంటికి వచ్చాక, వదిన టీ ఇస్తే అరుగు మీద కూర్చున్నాం. వీధిలో పిల్లలు రంగురంగుల బనీన్లు వేసుకుని, మంచి బూట్లతో ఫుట్‌బాల్ ఆడుతున్నారు. పొయ్యిల పొగ లేదు, నల్ల కళ్ళ మనుషులు లేరు. గుమ్మాల ముందు కార్లు, లోపల ఏసీలు. మంచిదే, ఎవరి ఊపిరితిత్తులూ అట్లా పాడు కాకూడదు. అయినా నాకు ఆ పొగే కావాలనిపించింది, ఏం చెయ్యను? ఇన్నేళ్ళూ అడగనిది అప్పుడు అడిగాను. ఆనాడు అటు తిరిగినందుకు ఎప్పుడన్నా బాధపడ్డావా అని. అన్న టీ పూర్తిగా తాగి, గ్లాసు పక్కన పెట్టి, ఆటగాడు ఆట గురించి చెప్పినట్టే చెప్పాడు. "తిరుగుడు తప్పు గాదు చెల్లె. ముందుగాల కాలు భూమికి ఆనియ్యాలె, ఆనినంక తిరగాలె. నేను గాలిల తిరిగిన. గంతే తప్పు."

నేను నవ్వాను, ఆయనా నవ్వాడు. అంతలో ఒక పిల్లవాడు తన్నిన బంతి పైకి లేచి మా వైపే రాసాగింది. అన్న కర్ర పక్కన పెట్టి, అరుగు దిగి నిలబడ్డాడు. అంత వయసులోనూ ఎద కొంచెం వెనక్కి లాగాడు. నేను "ఆ" అన్నాను. అప్పుడే ఓపెన్‌కాస్టు సైరన్ మోగింది. రోజూ అదే వేళకు మోగుతుందట. పిల్లల్లో ఒక్కడు కూడా తల తిప్పలేదు. బంతి అన్న భుజానికి తగిలి కాలువలో పడింది.

"తాతా, బంతి దిక్కు సూడాలె గదా" అన్నాడు పిల్లవాడు.

"రోజు గిదే కత" అంది వదిన లోపలి నుంచి.

అన్న చూస్తున్న దిక్కున ఇప్పుడు మైను లేదు, గడ్డి మొలిచిన మట్టి గుట్ట ఉంది. ఆ సంగతి నాకు వెంటనే తెలిసింది, ఎందుకంటే నేనూ లేచి నిలబడి అటే చూస్తున్నాను. సైరన్ ఆగింది. వీధి మొదటి నుంచి ఒక్క కేక వినిపిస్తే చాలుననిపించి, ఇద్దరం ఇంకాసేపు అట్లాగే నిలబడ్డాం.